కాలేజీలో పిలాటిస్ క్లాసు: విశ్వాసిగా నేను కొనసాగవచ్చా?

ప్రశ్న: బీటెక్ విద్యార్థిని, హైదరాబాద్

అందరికీ ప్రభువు నామమున వందనాలు. నేను హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉండి బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. మూడు తరాలుగా లూథరన్ సంఘస్థులం; మా అమ్మ సంఘంలో స్త్రీల సమాజం పనులు చూస్తుంది, నేను సండే స్కూల్లోనూ క్వయర్‌లోనూ పెరిగాను. క్లాసులు, ల్యాబులు, ప్రాజెక్టు పనులతో రోజుకు తొమ్మిది పది గంటలు కూర్చునే ఉండడం వల్ల కిందటి సెమిస్టర్‌లో నడుము నొప్పి మొదలై, చివరికి నీళ్ల బకెట్ పట్టుకుని రెండో అంతస్తుకు ఎక్కలేని స్థితికి వచ్చింది. డాక్టర్ గారు పరీక్షించి, ఎముకల్లో లోపమేమీ లేదని, పొట్ట, వీపు కండరాలు బలహీనపడ్డాయని, క్రమం తప్పని వ్యాయామమే దీనికి మందని చెప్పారు.

సరిగ్గా అప్పుడే మా కాలేజీలో అమ్మాయిల కోసం వారానికి మూడు సాయంత్రాలు పిలాటిస్ క్లాసు పెట్టారు. ఆరు వారాలుగా వెళ్తున్నాను. నొప్పి సగానికి పైగా తగ్గింది. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు వసారాలో చాప పరచుకుని చేస్తుంటే అమ్మ చూసి, "ఇది యోగాయే కదమ్మా, పేరు మార్చి నేర్పుతున్నారు" అంది. కోప్పడలేదు. కానీ ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో నా పేరు ఎత్తి, బిడ్డ దారి తప్పకుండా కాపాడమని వేడుకుంటూ కన్నీళ్లు పెట్టుకుంది. అప్పటి నుంచి చాప మీద పడుకుంటే నాకు మనసు నిలవడం లేదు.

ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి. క్లాసు చివరి పది నిమిషాలు మా టీచర్ గారు లైట్లు తగ్గించి, ఓంకారం రికార్డు పెట్టి, కళ్లు మూసుకుని దానితో గొంతు కలపమంటారు. నేను కలపను, గోడ వైపు చూస్తూ కూర్చుంటాను. పిలాటిస్ నిజంగా యోగాలో భాగమేనా? ఆ పది నిమిషాల కోసం క్లాసంతా మానేయాలా? అమ్మకు అబద్ధం చెప్పకుండా, ఆమె మనసు నొప్పించకుండా ఎలా వివరించాలి? పెద్దలు దయచేసి చెప్పండి.

సమాధానం 1: ఫిజియోథెరపిస్టు, విజయవాడ

చెల్లీ, నేను కూడా విశ్వాసినే, నడుము నొప్పితో వచ్చేవారికి వ్యాయామాలు నేర్పడమే నా వృత్తి. ముందుగా నీ మొదటి ప్రశ్నకు జవాబు చెబుతాను.

పిలాటిస్ అన్నది ఒక మనిషి ఇంటిపేరు. జోసెఫ్ పిలాటిస్ 1883లో జర్మనీలోని మన్‌షెన్‌గ్లాడ్‌బాఖ్ అనే పట్టణంలో పుట్టారు. చిన్నతనంలో ఉబ్బసం, ఎముకలు మెత్తబడే రికెట్స్ వంటి జబ్బులతో బాధపడిన ఆయన, ఆ బలహీనత నుంచి బయటపడాలన్న పట్టుదలతోనే జిమ్నాస్టిక్స్, బాక్సింగ్, దేహదారుఢ్య సాధన వంటివి నేర్చుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చే నాటికి ఇంగ్లాండులో ఉండడం వల్ల, శత్రుదేశస్థుడన్న కారణంతో ఆయనను మిగతా జర్మన్లతో పాటు నిర్బంధించి, తర్వాత ఐల్ ఆఫ్ మాన్ దీవిలోని శిబిరానికి పంపారు. అక్కడ తోటి బందీలకు వ్యాయామం నేర్పుతూ, మంచం పట్టిన రోగుల కోసం మంచాలకు స్ప్రింగులు బిగించి కాళ్లూ చేతులూ ఆడించేలా చేశారని చెబుతారు. ఈనాడు పెద్ద స్టూడియోల్లో కనిపించే రిఫార్మర్ యంత్రానికి మూలం అదేనంటారు. 1926 ప్రాంతంలో న్యూయార్క్ చేరి, భార్య క్లారాతో కలిసి స్టూడియో నడిపారు. దెబ్బలు తగిలిన బ్యాలే నర్తకులు అక్కడికి ఎక్కువగా వచ్చేవారు. ఆయన తన పద్ధతికి పెట్టుకున్న పేరు కంట్రాలజీ, అంటే కండరాలను మనసు అదుపులో ఉంచే విద్య. పిలాటిస్ అన్న పేరు ఆ తర్వాత వాడుకలో స్థిరపడింది. ఆ పేరు ఏ ఒక్కరి ట్రేడ్‌మార్కూ కాదని 2000లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు తీర్పు చెప్పింది. అందువల్ల ఇప్పుడు ఎవరైనా ఆ పేరుతో క్లాసు పెట్టవచ్చు, అందులో తమకు నచ్చినది ఏదైనా కలపవచ్చు. మీ క్లాసులో ఓంకారం చేరింది అలాగే అయి ఉంటుంది. అది ఆయన పద్ధతిలో లేదు.

చాప మీద చేసే మొదటి వ్యాయామం 'హండ్రెడ్'నే తీసుకో. వెల్లకిలా పడుకుని, తల, భుజాలు కాస్త పైకెత్తి, చేతులు పక్కన చాచి చిన్నగా పైకీ కిందికీ ఆడిస్తాం. ఐదు అంకెలు లెక్కించేంతసేపు గాలి పీలుస్తాం, మరో ఐదు అంకెలు లెక్కిస్తూ వదులుతాం. పదిసార్లు చేస్తే నూరు అవుతుంది. పక్కటెముకలు పక్కలకు విచ్చుకునేలా గాలి పీల్చి, వదిలేటప్పుడు పొట్టను లోపలికి తీసుకుంటే, నడుము చుట్టూ దట్టీలా ఉండే లోపలి కండరం బిగుస్తుంది. నీ నొప్పి తగ్గడానికి ఆ దట్టీ బిగియడం ఒక కారణం కావచ్చు. ఇందులో లెక్క ఉంది, ఊపిరి ఉంది, కండరం ఉంది. జపం లేదు, ఆరాధన లేదు.

ఒక జాగ్రత్త మాత్రం పాటించు. మెడ లాగుతుంటే తల కింద పెట్టేసి, మోకాళ్లు మడిచి చెయ్యి. నొప్పి పిరుదు నుంచి కాలి కిందికి పాకినా, పాదం తిమ్మిరెక్కినా ఆ రోజుతో ఆపి డాక్టర్ గారికి చూపించు.

సమాధానం 2: యవనస్థుల కూడికలో సేవ చేసే సహోదరుడు, రాజమహేంద్రవరం

అక్క గారు చెప్పిన చరిత్రతో నాకు పేచీ లేదు, కానీ ఒక మాట కలపకపోతే చెల్లికి పూర్తి చిత్రం ఇచ్చినట్టు కాదు. జోసెఫ్ పిలాటిస్ 1945లో రాసిన పుస్తకంలోనే తన పద్ధతి శరీరం, మనసు, ఆత్మ మూడింటి సమన్వయమని చెప్పుకున్నారు. అందులోని 34 వ్యాయామాల్లో కొన్ని చూడటానికి యోగాలోని హలాసనాన్ని, భుజంగాసనాన్ని పోలి ఉంటాయి. కాబట్టి మీ అమ్మగారు ఏమీ తెలియక అన్నారని అనుకోవద్దు. ఆమె కళ్లకు కనిపించినదే ఆమె చెప్పారు.

అయినా పోలిక ఉన్నంత మాత్రాన రెండూ ఒకటైపోవని నేనూ ఒప్పుకుంటాను. మోకాళ్ల మీద ఉండడం ప్రార్థన కావచ్చు, నేల తుడవడమూ కావచ్చు. పిలాటిస్ 'ఆత్మ' అని రాసింది మనిషిలోని ఉత్సాహం, సంకల్పబలం అన్న అర్థంలోనే అని ఆ రాతలు చదివినప్పుడు నాకు తోచింది. నా భయం వేరే చోట ఉంది. విశ్వాసమూలము కానిది ఏదో అది పాపమని బైబిల్లోని రోమా పత్రిక 14వ అధ్యాయం చివర పౌలు రాశాడు. ఒక పని తనంతట తాను తప్పు కాకపోయినా, అనుమానపడుతూ, మనస్సాక్షి నోరు నొక్కి చేస్తే అది మనకు హాని చేస్తుంది. నీకు చాప మీద మనసు నిలవడం లేదని రాశావు. ఆ సంగతి తేలే వరకు ఒక వారం క్లాసు ఆపి, వాక్యం చదివి ప్రార్థించు. నడక మానకు, నడుముకు నడక కూడా మంచిదే.

సమాధానం 3: రిటైర్డ్ ఫిజికల్ డైరెక్టర్, పాస్టర్ గారి భార్య, గుంటూరు

అమ్మాయీ, నేను ముప్పై ఏళ్లకు పైగా కాలేజీ అమ్మాయిలకు ఆటలు నేర్పాను, ఆదివారాలు సంఘంలో వాక్యం చెప్పాను. ఈ రెండు పనుల మధ్య గొడవ ఉందని నాకు ఎన్నడూ అనిపించలేదు. క్రిస్మస్ సెలవుల్లో మన పల్లెల్లో కుర్రాళ్లు వాలీబాల్ పోటీలు పెట్టుకుంటారే, ఆ ఆట 1895లో అమెరికాలోని ఒక వై.ఎం.సి.ఏ.లో, అంటే క్రైస్తవ యువకుల సంఘంలో పుట్టింది. బాస్కెట్‌బాల్ అంతకు నాలుగేళ్ల ముందు మరో వై.ఎం.సి.ఏ. శిక్షణశాలలో పుట్టింది. దక్షిణ భారతంలో వ్యాయామ ఉపాధ్యాయులను తయారుచేసిన మద్రాసు వై.ఎం.సి.ఏ. కాలేజీని 1920లో స్థాపించిన హెచ్.సి. బక్ దొర కూడా క్రైస్తవ సేవ చేయడానికే ఈ దేశం వచ్చారు. వ్యాయామం అనగానే అది పరాయి మతం సొత్తు అన్నట్టు వెనక్కి తగ్గనవసరం లేదు. "శరీర సంబంధమైన సాధకము కొంచెము మట్టుకే ప్రయోజనకరమవును" అన్న వాక్యాన్ని కొందరు వ్యాయామం వద్దనడానికి వాడతారు. కానీ ఆ కొంచెం ప్రయోజనాన్ని పౌలు కాదనలేదు, దైవభక్తిని దానికంటే పైన ఉంచాడు, అంతే.

ఇక నీ అసలు చిక్కు ఆ చివరి పది నిమిషాలు. దీనికి మొదటి కొరింథీ పత్రిక 10వ అధ్యాయం చదువు. కొరింథు అంగడిలో అమ్మే మాంసంలో కొంత విగ్రహాల గుడి నుంచి వచ్చేది. ఇది ఎక్కడిదని ఆరా తీయకుండా కొనుక్కుని తినమన్నాడు పౌలు, ఎందుకంటే భూమియు దాని పరిపూర్ణతయు ప్రభువునివే. అయితే ఎవరైనా ఇది బలి అర్పించినదని చెబితే, అప్పుడు తినవద్దన్నాడు. మాంసం మారలేదు, సందర్భం మారింది. నీ క్లాసులో యాభై నిమిషాల వ్యాయామం అంగడిలో మాంసం వంటిది. ఓంకారం మొదలైనప్పుడు, ఇది ఫలానా దానికి చెందినదని ఎవరో నీకు స్పష్టంగా చెప్పినట్టే. అక్కడ లేచి రావడం సబబు. గోడ వైపు చూస్తూ కూర్చోవడం నాకు నచ్చలేదు, ఎందుకంటే అది నీకూ ఇబ్బంది, ఇష్టంగా చేసేవారికీ ఇబ్బంది. ఓంకారం వారికి పవిత్రం. దాన్ని మనం తక్కువ చేసి మాట్లాడకూడదు. టీచర్ గారిని విడిగా కలిసి, "మేడమ్, నేను క్రైస్తవురాలిని, చివరి భాగంలో పాల్గొనలేను, ముందే వెళ్లడానికి అనుమతి ఇవ్వండి" అని మర్యాదగా అడుగు. ముందు రోజే అడుగు, క్లాసు మధ్యలో కాదు.

అమ్మ విషయంలో తొందరపడకు. ఆమెకు చరిత్ర పాఠం చెప్పి గెలవాలని చూడకు. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, మొదటి నుంచి చివరి వరకు ఒక్కసారి చేసి చూపించు. తల్లులు మాటల కంటే కళ్లను ఎక్కువ నమ్ముతారు. ఆ పది నిమిషాల సంగతి కూడా నువ్వే ముందు చెప్పు. వేరేవారి నోట విన్నదంటే మిగతాదంతా కూడా నమ్మదు. వదులుగా ఉండే పైజామా, పొడవాటి టీషర్టు వేసుకుని చెయ్యి. అమ్మ బాధలో బట్టల గురించి కూడా కొంత ఉండవచ్చు, పైకి చెప్పకపోవచ్చు. ఇంత చేశాక కూడా ఆమె మనసు ఒప్పకపోతే, ఇంటి దగ్గర ఉన్నన్నాళ్లు ఆమె కళ్ల ముందు చేయకు. అది ఓటమి కాదు, రోమా 14లో పౌలు అడిగిన ప్రేమ అదే.

ప్రశ్న అడిగిన విద్యార్థిని మళ్లీ

మీ అందరికీ వందనాలు. సహోదరుడు గారు చెప్పినట్టు ఒక వారం ఆపి, ఆ రెండు అధ్యాయాలు నిదానంగా చదివాను. తర్వాత టీచర్ గారిని స్టాఫ్ రూములో కలిశాను. ఆమె ఒక్క మాటైనా అనకుండా విని, "ముందే చెప్పి ఉండాల్సిందమ్మా, నువ్వు ఇబ్బంది పడుతున్నావని నాకు తెలియదు" అన్నారు. ఇప్పుడు వ్యాయామం అయిపోగానే చాప చుట్టుకుని వచ్చేస్తున్నాను. నాతో పాటు ఇంకో ఇద్దరు కూడా వస్తున్నారు, వారిలో ఒకరు ముస్లిం అమ్మాయి. ఆమె కూడా ఇన్నాళ్లూ నాలాగే గోడ వైపు చూస్తూ కూర్చుందని అప్పుడే తెలిసింది.

పోయిన శనివారం ఇంటికి వెళ్లి, అమ్మకు ఓంకారం సంగతితో సహా అంతా చెప్పి, చేసి చూపించాను. హండ్రెడ్ చేస్తుంటే అమ్మ పీట మీద కూర్చుని వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టింది. డెబ్బై దగ్గర నా కాళ్లు వణకడం చూసి, "ఇంత కష్టమా ఇది" అంది. ఇంకా పూర్తిగా ఒప్పుకుందని చెప్పలేను. పాస్టర్ గారిని ఒక మాట అడుగుతానంది. అడగనివ్వాలనే నేను అనుకున్నాను. కానీ రాత్రి పడుకునే ముందు, తన మోకాళ్ల నొప్పికి ఇందులో ఏమైనా ఉందా అని అడిగింది. ఫిజియో అక్కా, అమ్మకు యాభై రెండేళ్లు, నేల మీద నుంచి లేవడం కష్టం. ఏం చెప్పమంటారు?

సమాధానం: ఫిజియోథెరపిస్టు, విజయవాడ

ముందు ఎవరైనా డాక్టర్ గారికి మోకాళ్లు ఒకసారి చూపించండి. అంతవరకు నేల మీద ఏదీ వద్దు. గట్టి కుర్చీలో వీపు ఆనించి కూర్చుని, ఒక కాలు ముందుకు చాచి, తొడ కండరం బిగించి, ఐదు అంకెలు లెక్కపెట్టి నెమ్మదిగా దించమను. ఒక్కో కాలికి పదిసార్లు, ఉదయం, సాయంత్రం చేస్తే చాలు. లెక్కించేటప్పుడు ఊపిరి బిగపట్టకూడదు. లెక్క నువ్వు పెట్టు.