తడిమే పరికరానికి ‘దర్శిని’ అన్న పేరు తగునా?

విద్యుత్తు ప్రవహించే పాలిమర్ల (ప్లాస్టిక్ వంటి పొడవాటి గొలుసు అణువుల పదార్థాల) పలుచని పొరల గురించి తెలుగులో పాఠం రాస్తున్న గుంటూరు మిత్రులొకరు నిన్న ఈ చర్చావేదికలో ఒక సందేహం వెలిబుచ్చారు. అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోపు దేనినీ దర్శించదు కనుక దానిని ‘పరమాణు బల సూక్ష్మదర్శిని’ అనడం తప్పనీ, ‘స్పర్శిని’ అంటే సరిగ్గా ఉంటుందనీ వారి వాదన.

వాదనలో పస లేకపోలేదు. 1986లో బిన్నిగ్, క్వేట్, గెర్బర్ అనే శాస్త్రవేత్తలు రూపొందించిన ఈ పరికరంలో ఒక సన్నని పట్టీ చివర సూది ఉంటుంది. దాని మొన వ్యాసార్ధం సుమారు 10 నానోమీటర్లు (నానోమీటరంటే మీటరులో వందకోట్లవ వంతు). అది మడి దున్నినట్టు వరుస వెంట వరుసగా పొర మీద పోయి వస్తుంటే మిట్ట తగిలినచోట పట్టీ పైకి వంగుతుంది, పల్లం వస్తే కిందికి దిగుతుంది. పట్టీ వీపు మీద పడి మళ్లే లేజరు కిరణం ఎంత జరిగిందో చూసి కంప్యూటరు మిట్టపల్లాల పటం గీస్తుంది. లేజరు ఉన్నమాట నిజమే గాని, దాని వెలుగు పడేది పట్టీ మీద. పొర రూపాన్ని తెలిపేది సూదే.

అయినా ‘స్పర్శిని’ని నేను ఒప్పుకోలేను. పాలిమరు మెత్తనిది, సూదిని ఆనించి లాగితే గీతలు పడతాయి. అందుకని సూదిని కంపింపజేస్తూ పైపైన తడుతూ పోయే పద్ధతినే ఎక్కువగా వాడతారు. ఉపరితలపు విద్యుత్ పొటెన్షియల్‌ను కొలిచే కెల్విన్ ప్రోబ్ పద్ధతిలోనైతే సూది సాధారణంగా పొరకు ఎడంగానే ఉంటుంది. తాకకుండా కొలిచేదానికి ‘స్పర్శిని’ అన్న పేరు ఏమి న్యాయం?

అసలు తెలుగులో చూడడం కంటికి మాత్రమే చెందిన పని కాదు. రుచి చూస్తాము, వాసన చూస్తాము, వైద్యుడు నాడి చూస్తాడు, మిర్చి యార్డులో వ్యాపారి కాయను పిడికిట నొక్కి చూస్తాడు, మంగళగిరి చీర కొనేవారు అంచును తడిమి చూస్తారు.

ఈ మాట ఇంతకు ముందే ఇక్కడ అన్నప్పుడు విజయవాడ సభ్యురాలొకరు అభ్యంతరం చెప్పారు: ‘నొక్కి చూడు’లోని చూడు ప్రయత్నాన్ని తెలిపే సహాయక క్రియే గాని దృష్టికి సంబంధించినది కాదన్నారు. ‘నొక్కి’, ‘తడిమి’ విషయంలో వారి మాటే ఒప్పు, నా ఉదాహరణలే తొందరపాటువి. కాని ‘రుచి చూడు’, ‘నాడి చూడు’ అన్నచోట చూడు ప్రధాన క్రియే, దానికి కర్మ కూడా ఉంది. ‘ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు, చూడ చూడ రుచుల జాడ వేరు’ అన్నప్పుడు వేమన చెప్పిన చూపు నాలుకతో చూసేదే. కంటికి ఆ రెండూ ఒక్కటే.

ఈ పాదం మన విషయానికి ఎంత దగ్గరగా వస్తుందో గమనించండి. పెడాట్, పీఎస్ఎస్ అనే రెండు పాలిమర్ల మిశ్రమపు పొరలో పెడాట్ ఎక్కువగా ఉన్న గింజలు విద్యుత్తును పోనిస్తాయి, వాటి చుట్టూ ఉండే పీఎస్ఎస్ అడ్డుకుంటుంది. మిట్టపల్లాల పటంలో ఒకే ఎత్తున, ఒకే తీరున కనిపించే రెండు చోట్ల మీద ప్లాటినం పూత వేసిన సూదిని ఆనించి, కొద్దిపాటి వోల్టేజి ఇస్తే, ఒకచోట కరెంటు పారుతుంది, పక్కనే పారదు. ఆ రెండో పటమే ఇక్కడ రుచుల జాడ.

కనుక ‘సూక్ష్మదర్శిని’ని ఉంచుకుందాం. ‘ఫిల్మ్’కు మాత్రం ‘పొర’ అనే రాయండి. విజయవాడ గాంధీనగర్‌లో ఫిల్ము అంటే సినిమా, అర్థమే వేరు. ‘పూత’ అనీ కొందరు రాస్తున్నారు గాని, పూయడమనే పని అందులో వినిపిస్తుంది. పాలీపిర్రోల్ వంటి పాలిమర్లు ద్రావణంలో ముంచిన ఎలక్ట్రోడు మీద విద్యుత్తుతో వాటంతట అవే పేరుకుంటాయి, వాటిని ఎవరూ పూయరు.

ఇక మిగిలినది ‘రఫ్‌నెస్’కు వాడే ‘గరుకుదనం’. వేలికి అద్దంలా నున్నగా తగిలే పొరకు రెండు మూడు నానోమీటర్ల గరుకుదనం ఉందని రాస్తే విద్యార్థి తికమకపడతాడు. ‘ఎగుడుదిగుడు’ అంటే కొలతకు నప్పుతుందని నాకు తోస్తోంది.