1968 డెట్రాయిట్ టైగర్స్: 31 గెలిచినవాడు జట్టులో ఉండగా లోలిచ్ ఎలా హీరో అయ్యాడు?

మర్రిపాలెం శ్రీను:

అందరికీ నమస్కారం. నేను రుషికొండ వైపు ఐటీలో చేస్తాను. మా క్లయింట్లు మిషిగన్‌ వాళ్లు. కాల్ మొదలవగానే కాసేపు బేస్‌బాల్ కబుర్లే నడుస్తాయి. వాళ్లలో ఒక పెద్దాయన ఎప్పుడు నోరు విప్పినా 1968 డెట్రాయిట్ టైగర్స్ మాటే. ఆయన చెప్పే తీరుకి నాకూ ఆసక్తి పుట్టి చదవడం మొదలుపెట్టాను. క్రికెట్ తప్ప ఇంకోటి చూసి పెరిగినవాణ్ని కాదు కాబట్టి కొన్ని ముడులు విప్పుకోలేకపోతున్నాను.

టైగర్స్‌లో డెనీ మెక్‌లేన్ అనే పిచ్చర్ (మన బౌలర్ లాంటివాడు) ఆ సీజన్‌లో 31 మ్యాచ్‌లు గెలిచి 6 ఓడాడు. మరి వరల్డ్ సిరీస్‌లో (రెండు లీగ్‌ల విజేతల ఫైనల్, ముందుగా నాలుగు మ్యాచ్‌లు గెలిచినవాళ్లదే కప్పు) అత్యుత్తమ ఆటగాడి బహుమతి అదే జట్టు పిచ్చర్ మికీ లోలిచ్‌కి ఎందుకు వెళ్లింది? అవతల సెయింట్ లూయిస్ కార్డినల్స్‌లో బాబ్ గిబ్సన్ సగటు 1.12. అలాంటివాణ్ని పెట్టుకుని, 3-1 ఆధిక్యంలో ఉండి, వాళ్లు సిరీస్ ఎలా పోగొట్టుకున్నారు? అన్నిటికంటే అర్థం కానిది టైగర్స్ మేనేజర్ మేయో స్మిత్ చేసిన పని. సెంటర్ ఫీల్డర్ మికీ స్టాన్లీని తీసుకెళ్లి సరిగ్గా ఫైనల్ ముందు షార్ట్‌స్టాప్‌లో (రెండో, మూడో బేస్‌ల మధ్య చోటు) నిలబెట్టాడు. లాంగాన్ ఫీల్డర్ని కీపింగ్ చెయ్యమన్నట్టుంది నాకు. తెలిసినవాళ్లు చెప్పండి.

వాల్తేరు వాసు:

శ్రీను గారూ, ముందు ఆ ఏడాది లెక్కలు ఎలా ఉన్నాయో చూడాలి. 1968ని బేస్‌బాల్ వాళ్లు పిచ్చర్ల ఏడాది అంటారు. టైగర్స్ ఆడే అమెరికన్ లీగ్ మొత్తం కలిపి బ్యాటింగ్ సగటు .230, అంటే వెయ్యి ప్రయత్నాలకి 230 హిట్లు. ఆ లీగ్‌లో అందరికంటే ఎక్కువ సగటుతో బ్యాటింగ్ టైటిల్ గెలిచిన బోస్టన్ కార్ల్ యస్ట్రెమ్స్కీ కొట్టింది .301 మాత్రమే. ఇంత తక్కువతో ఆ టైటిల్ గెలిచినవాడు ఇంకొకడు లేడు. మరుసటి ఏడాది పిచ్చర్ నిలబడే మట్టి దిబ్బ ఎత్తు 15 అంగుళాల నుంచి 10కి దించారు, స్ట్రైక్ జోన్ (బంతి సరిగ్గా పడాల్సిన హద్దు) కూడా కుదించారు.

1.12 అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి, అంటే ఒక పూర్తి మ్యాచ్‌కి, తన ఖాతాలో పడిన పరుగులు ఒకటికి కాస్త పైన. గిబ్సన్ 13 మ్యాచ్‌ల్లో అవతలివాళ్లని ఒక్క పరుగూ చెయ్యనివ్వలేదు. అయినా 22 గెలిచి 9 ఓడాడు. మనవాళ్లే పరుగులు చెయ్యకపోతే ఎంత గొప్ప పిచ్చర్ అయినా ఏం చేస్తాడు?

టైగర్స్ 103 గెలిచి 59 ఓడి, రెండో స్థానంలో ఉన్న బాల్టిమోర్ కంటే 12 ఆటలు ముందు ముగించారు. అప్పట్లో డివిజన్లు లేవు. లీగ్‌కి పది జట్లు, మొదట నిలిచినవాడే నేరుగా వరల్డ్ సిరీస్‌కి. మెక్‌లేన్ ఆ ఏడాది 336 ఇన్నింగ్స్ వేశాడు, 28 మ్యాచ్‌లు మొదటి నుంచి చివరిదాకా తనే వేశాడు. సెప్టెంబర్ 14న ఓక్లాండ్ మీద 30వ గెలుపు కూడా చివరి ఇన్నింగ్స్‌లో వెనకబడి ఉండి 5-4తో తెచ్చుకున్నదే. మిగతాది మేడం గారు వస్తే చెబుతారు, ఆవిడ సాఫ్ట్‌బాల్ మనిషి.

గాజువాక పీఈటీ మేడం:

వచ్చాను వాసూ. బాబూ శ్రీనూ, నేను రిటైరైన డ్రిల్లు టీచర్ని. గాజువాకలో ఆడపిల్లలకి ఏళ్ల తరబడి సాఫ్ట్‌బాల్ నేర్పించాను. మా అమ్మాయి కాపురం డెట్రాయిట్ పక్కనే కాబట్టి వెళ్లినప్పుడల్లా ఆ ఊరి ఆట గురించి అడిగి తెలుసుకునేదాన్ని. కాబట్టి నేను చెప్పేది ఫీల్డింగ్ వైపు నుంచే ఉంటుంది.

సిరీస్‌లో ఏం జరిగిందో బేగి చెప్పేస్తాను. మొదటి మ్యాచ్‌లో గిబ్సన్ 17 మందిని స్ట్రైకవుట్ చేశాడు, 4-0తో అయిపోయింది. రెండోది లోలిచ్ 8-1తో గెలిపించాడు, పైగా తనే ఒక హోమ్‌రన్ కొట్టాడు. తన కెరీర్ మొత్తంలో కొట్టింది అదొక్కటే. మూడోది 7-3, నాలుగోది 10-1, రెండూ కార్డినల్స్‌వే. మొదటి మ్యాచ్‌లోనూ నాలుగో మ్యాచ్‌లోనూ గిబ్సన్‌కి ఎదురు నిలిచి ఓడింది మెక్‌లేనే. ఇక ఒక్కటి గెలిస్తే కప్పు సెయింట్ లూయిస్‌ది.

అక్టోబర్ 7, డెట్రాయిట్‌లో ఐదో మ్యాచ్. లోలిచ్ మొదటి ఇన్నింగ్స్‌లోనే మూడు పరుగులు ఇచ్చేశాడు. నాలుగో ఇన్నింగ్స్‌లో టైగర్స్ రెండు తెచ్చుకుని 3-2 చేశారు. ఇప్పుడు ఐదో ఇన్నింగ్స్ దగ్గర ఆగాలి. నా మట్టుకు ఆ ఏడాది మొత్తం ఇక్కడే ఉంది.

ఒక్కరు అవుటయ్యారు. కార్డినల్స్ లూ బ్రాక్ డబుల్ కొట్టి రెండో బేస్ మీద నిలబడ్డాడు. ఆ సీజన్‌లో 62 బేస్‌లు దొంగిలించినవాడు, అంటే ఎవరూ బంతి కొట్టకుండానే తర్వాతి బేస్‌కి పరుగెత్తి చేరినవాడు. ఆ రోజుల్లో అంత చురుకైన కాళ్లు ఇంకెవరికీ లేవనే చెప్పాలి. తర్వాతివాడు జూలియన్ హావియర్ లెఫ్ట్ ఫీల్డ్‌లోకి సింగిల్ కొట్టాడు. స్టేడియంలో ఎవరిని అడిగినా బ్రాక్ ఇంటికి (హోమ్ ప్లేట్, పరుగు పూర్తయ్యే చోటు) చేరినట్టే అంటారు. లెఫ్ట్ ఫీల్డ్‌లో విల్లీ హార్టన్ ఉన్నాడు. 36 హోమ్‌రన్‌లు కొట్టిన బ్యాటర్ అని పేరు తప్ప, గొప్ప ఫీల్డర్ అని పేరున్నవాడు కాదు. అతను బంతిని ఎత్తుకుని నేరుగా ప్లేట్ దగ్గరుండే క్యాచర్ బిల్ ఫ్రీహన్‌కి విసిరాడు. ఫ్రీహన్ ఎడమ పాదాన్ని ప్లేట్ ముందు అడ్డంగా నాటి నిలబడి ఉన్నాడు. బ్రాక్ స్లయిడ్ చెయ్యలేదు, పరుగెత్తే ఊపులో నిలబడే వచ్చాడు. అతని పాదం ప్లేట్‌ని తాకలేదు. అంపైర్ డగ్ హార్వీ అవుట్ ఇచ్చాడు. కార్డినల్స్ ఎంత వాదించినా నిర్ణయం మారలేదు.

4-2 కావాల్సింది 3-2 దగ్గరే ఆగింది. ఆ తర్వాత ఆ మ్యాచ్‌లో కార్డినల్స్‌కి ఒక్క పరుగూ రాలేదు.

ఈ విసురు మీద నేనింత మాట్లాడడానికి కారణముంది. మా గుంటలకి నేను ఎక్కువ పొద్దు పెట్టి నేర్పింది ఇదే. సున్నంతో గీతలు గీసి, ఇసక నింపిన గోనె ముక్కలు బేస్‌లుగా వేసి, అవుట్‌ఫీల్డ్ నుంచి ఇంటికి విసరమనేదాన్ని. పిల్లలు బంతి వచ్చాక దాన్ని చూసి, ఎత్తి, అప్పుడు ఎటు విసరాలా అని ఆలోచిస్తారు. ఈ ఆలోచనలోనే రన్నర్ వెళ్లిపోతుంది. బంతి రాకముందే ఎడమ భుజం ఇంటివైపు తిరిగి ఉండాలి, బంతి చేతిలో పడేసరికి కాళ్లు విసరడానికి సిద్ధంగా కదులుతూ ఉండాలి. మన ఊళ్లో మధ్యాహ్నం దాటాక సముద్రం గాలి ఎక్కువ, ఎత్తుగా విసిరితే బంతి పక్కకి పోతుంది. అందుకని తక్కువ ఎత్తులో, ఛాతీకి గురిపెట్టి కొట్టమనేదాన్ని. క్యాచర్‌ పిల్లకి ఇంకా కష్టం. ఎదురుగా ఒక మనిషి పరుగెత్తుకొస్తున్నా కన్ను బంతి మీద నుంచి తియ్యకూడదు, కాలు వెనక్కి తియ్యకూడదు. ఇప్పుడు క్యాచర్ అలా అడ్డంగా నిలబడకూడదని నిబంధనలు మార్చారు, అప్పుడది ఆటలో భాగం.

ఆ ఎడమ పాదం అక్కడ లేకపోతే ఏడో మ్యాచ్ అనేదే లేదు. ఏడో మ్యాచ్ లేకపోతే లోలిచ్ పేరు ఇవాళ నువ్వు అడిగేవాడివే కాదు.

ఇక లోలిచ్ సంగతి. సీజన్ మధ్యలో సరిగ్గా వెయ్యలేక ఆగస్టులో అతన్ని బుల్‌పెన్‌కి (మ్యాచ్ మధ్యలో దిగే పిచ్చర్ల దగ్గరికి) పంపేశారు. అక్కడ్నించి తిరిగొచ్చి, సీజన్ మొత్తం మీద 17 గెలిచాడు. సిరీస్‌లో రెండు, ఐదు, ఏడు మ్యాచ్‌లు మూడూ మొదటి బంతి నుంచి చివరి బంతి దాకా తనే వేసి గెలిచాడు. ఐదు, ఆరు మ్యాచ్‌లు టైగర్స్ గెలిచి సిరీస్‌ని 3-3 చేశారు. ఏడో మ్యాచ్‌కి మధ్యలో లోలిచ్‌కి దొరికిన విశ్రాంతి రెండు రోజులే. ఎదుట గిబ్సన్. ఆరు ఇన్నింగ్స్ దాకా ఎవరికీ పరుగు లేదు. ఆరో ఇన్నింగ్స్‌లో బ్రాక్ మొదటి బేస్ చేరి దూరంగా జరిగాడు, లోలిచ్ బ్యాటర్‌కి బదులు మొదటి బేస్‌కి విసిరి అతన్ని అవుట్ చేయించాడు. అదే ఇన్నింగ్స్‌లో కార్డినల్స్ సెంటర్ ఫీల్డర్ కర్ట్ ఫ్లడ్‌నీ అలాగే. లోలిచ్ ఎడమచేతివాడు, మొదటి బేస్ అతని కళ్లెదుటే ఉంటుంది. మా సాఫ్ట్‌బాల్‌లో బంతి చెయ్యి వదిలేదాకా రన్నర్ బేస్ దాటకూడదు కాబట్టి ఈ విద్య నేర్పే అవకాశం నాకు ఎప్పుడూ రాలేదు. ఆ రెండు అవుట్లూ ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

ఏడో ఇన్నింగ్స్‌లో టైగర్స్‌వాళ్లు ఇద్దరు అవుటయ్యాక నార్మ్ క్యాష్, హార్టన్ బేస్‌ల మీద ఉండగా జిమ్ నార్త్‌రప్ సెంటర్ ఫీల్డ్‌లోకి బలంగా కొట్టాడు. ఫ్లడ్ ముందుకి అడుగేసి, వెనక్కి తిరగబోయి జారాడు. బంతి అతని తలమీదుగా పోయింది. రెండు పరుగులు. వెంటనే ఫ్రీహన్ డబుల్‌తో ఇంకోటి. చివరికి 4-1. ఫ్లడ్ ఆ కాలంలో అత్యుత్తమ సెంటర్ ఫీల్డర్లలో ఒకడు. ఆ ఒక్క అడుగుకి అతన్ని తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. నేరుగా నీ మీదకి వచ్చే బంతి ఎంత దూరం పోతుందో మొదటి క్షణంలో ఎవరికీ తెలియదు.

మర్రిపాలెం శ్రీను:

మేడం, చాలా థాంక్స్. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. మా క్లయింట్ పెద్దాయన ఇంకో మాట అంటాడు, 1967 అల్లర్ల తర్వాత ముక్కలైన ఊరిని ఆ జట్టే మళ్లీ కలిపిందని. అది నిజమేనా? స్టాన్లీ సంగతి కూడా మిగిలిపోయింది.

అల్లిపురం పెద్దాయన:

అల్లర్ల మాట నేను చెబుతాను బాబూ. 1967 జూలైలో డెట్రాయిట్‌లో 43 మంది చనిపోయారు. విల్లీ హార్టన్ ఆ ఊళ్లోనే పెరిగిన నల్లజాతి కుర్రాడు. ఆ ఆదివారం మ్యాచ్ అవగానే జట్టు యూనిఫాం కూడా మార్చుకోకుండా మంటల్లో ఉన్న వీధికి వెళ్లి, కారెక్కి నిలబడి, ఇళ్లకి వెళ్లిపొమ్మని జనాన్ని బతిమాలాడు. లోలిచ్ నేషనల్ గార్డ్‌లో ఉన్నవాడు కాబట్టి అతన్ని డ్యూటీకి పిలిచారు. ఏడాది తర్వాత ఆ ఇద్దరూ ఒకే జట్టులో కప్పు గెలిచారు. ఇంతవరకూ జరిగినదే.

ఊరు కలిసిపోయిందనే మాట మాత్రం నేను ఒప్పుకోను. 1966లో విశాఖ ఉక్కు ఉద్యమంలో మన ఊళ్లో కాల్పులు జరిగినప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. మనుషులు పోయిన ఇళ్లలో ఆ తర్వాత ఏ సంబరం జరిగినా ఆ లోటు లోటుగానే ఉంది. ఫ్యాక్టరీ వచ్చాక కూడా అంతే. డెట్రాయిట్‌లో అల్లర్లకి కారణమైనవి పోలీసుల తీరు, ఇళ్ల దగ్గర, ఉద్యోగాల దగ్గర వివక్ష. అవి అక్టోబర్‌లో ఒక మ్యాచ్ గెలిస్తే పోయేవి కావు. ఆ రాత్రి వీధుల్లో తెల్లవాళ్లూ నల్లవాళ్లూ కలిసి సంబరం చేసుకున్నారు, అది నిజం. అక్కడ ఉన్నవాళ్లకి అది జీవితాంతం గుర్తుండే రాత్రి. మీ క్లయింట్ పెద్దాయన అప్పుడు చిన్నవాడై ఉంటాడు, ఆయనకి అలా అనిపించడంలో తప్పులేదు. హార్టన్ కారు మీద నిలబడిన సాయంత్రాన్ని కప్పు కంటే పెద్దదిగా నేను లెక్కవేస్తాను.

గాజువాక పీఈటీ మేడం:

పెద్దాయన గారూ, ఆ చివరి మాటకి నమస్కారం.

శ్రీనూ, స్టాన్లీ విషయం. నీకు అర్థం కాలేదన్నావు కదా, కారణం విను. షార్ట్‌స్టాప్ రే ఓయ్లర్ చేతులు మంచివి, బ్యాట్ మాత్రం లేదు. సీజన్ మొత్తం మీద .135. అటు అవుట్‌ఫీల్డ్‌లో నలుగురు ఉన్నారు. హార్టన్, స్టాన్లీ, నార్త్‌రప్, అల్ కేలైన్. కేలైన్ 1953 నుంచి టైగర్స్‌కే ఆడుతున్నాడు, ఒక్క వరల్డ్ సిరీస్ కూడా చూడలేదు. మే నెలలో బంతి తగిలి చెయ్యి విరిగింది, తిరిగొచ్చేసరికి తన స్థానంలో నార్త్‌రప్ కుదురుకున్నాడు. అతన్ని కూర్చోబెట్టి సిరీస్ ఆడడం మేయో స్మిత్‌కి మనసొప్పలేదు.

స్టాన్లీ సెంటర్ ఫీల్డ్‌లో ఆ ఏడాది గోల్డ్ గ్లవ్ (ఉత్తమ ఫీల్డర్ బహుమతి) తెచ్చుకున్నవాడు, ఎక్కడ నిలబెట్టినా బంతి పట్టగలడు. సీజన్ చివర్లో కొన్ని మ్యాచ్‌లు షార్ట్‌స్టాప్‌లో ఆడించి చూశారు. సిరీస్‌లో రెండు పొరపాట్లు చేశాడు, రెండింటికీ జట్టుకి నష్టం రాలేదు. ఆధిక్యంలో ఉన్నప్పుడు చివర్లో ఓయ్లర్‌ని దింపి స్టాన్లీని మళ్లీ సెంటర్‌కి పంపేవారు. కాబట్టి గుడ్డిగా చేసింది కాదు, వెనక్కి దారి ఉంచుకునే చేశాడు. నేనైనా అంత చురుకైన పిల్ల దొరికితే అలాగే చేసేదాన్ని.

ఐదో మ్యాచ్ ఏడో ఇన్నింగ్స్ చూడు. 3-2తో వెనకబడి ఉండగా లోలిచ్‌ని మార్చకుండా బ్యాటింగ్‌కి పంపాడు స్మిత్. అతను కుడివైపు మెల్లగా పడే సింగిల్ తీశాడు. తర్వాతి బ్యాటర్ డిక్ మెకాలిఫ్ ఇంకో సింగిల్. స్టాన్లీ ఓపిగ్గా నిలబడి, స్ట్రైక్ జోన్ బయట పడిన నాలుగు బంతులు వదిలి, ఆ లెక్కన మొదటి బేస్‌కి నడిచాడు, బేస్‌లు నిండాయి. అప్పుడు వచ్చింది కేలైన్. సెంటర్ ఫీల్డ్‌లోకి సింగిల్, రెండు పరుగులు, 4-3. సిరీస్ మొత్తం మీద అతనికి 11 హిట్లు, సగటు .379. నీకు అర్థం కాని ఆ నిర్ణయం లేకపోతే, బేస్‌లు నిండిన ఆ సమయాన కేలైన్ బెంచీ మీద ఉండేవాడు.

ఆ మ్యాచ్ వీడియో నెట్‌లో దొరుకుతుంది. బ్రాక్ పరుగెత్తేటప్పుడు అందరూ బ్రాక్‌నే చూస్తారు. నువ్వు హార్టన్ కాళ్లు చూడు, తర్వాత ఫ్రీహన్ పాదం చూడు. సందేహాలుంటే ఇక్కడే రాయి, నేను రోజూ సాయంత్రం చూస్తాను.