‘ఎల్ఫిన్’ ముఖం అంటే ఎలాంటి ముఖం?

సగంనిద్ర: ఒక ఇంగ్లీషు కథ అనువదిస్తున్నాను. అందులో పన్నెండేళ్ల పిల్లది ‘ఎల్ఫిన్’ ముఖమట. నా దగ్గరున్న నిఘంటువు ‘మరుగుజ్జు దయ్యం వంటి’ అంటోంది. అలా రాస్తే కథలోంచి ఆ పిల్ల తల్లి లేచి వచ్చి నన్ను తంతుంది. ‘అప్సరస వంటి’ అందామంటే పిల్ల వయసుకు బాగోదు. రెండు రోజులుగా ఆ వాక్యం దగ్గరే కూర్చున్నాను. అసలీ మాట ఎక్కడిది?

పాతమాటలు: అది మెచ్చుకోలేనండీ. ‘ఎల్ఫు’ అంటే ఇంగ్లీషు జానపద కథల్లోని మాయాజీవి, ‘ఎల్ఫిన్’ అంటే ఎల్ఫు వంటి. సన్నని ఒళ్లు, పెద్ద కళ్లు, కోసుదేరిన చుబుకం, చూపులో కొంటెతనం. ఆ చివరిది లేకపోతే మాట అతకదు.

1590లో వచ్చిన ఎడ్మండ్ స్పెన్సర్ కావ్యం ‘ఫెయిరీ క్వీన్’లో ‘ఎల్ఫిన్’ కనిపిస్తుంది. అక్కడ ఎల్ఫిన్ అంటే చిన్నారి కాదు, కవచం తొడిగి గుర్రమెక్కిన వీరుడు! షేక్‌స్పియర్ ‘మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’కు వచ్చేసరికి ఎల్ఫులు భయపడి ఓక్ కాయల చిప్పల్లో దూరి దాక్కుంటారు. ఇప్పుడు మనకు తోచే చిట్టి రూపం ఆ చిప్పల్లోదే.

కోడిగుడ్డుకుఈకలు: మెచ్చుకోలు సరే, భయం మాటేమిటి? పాత ఇంగ్లీషు వైద్యగ్రంథాల్లో గుర్రానికి ఉన్నట్టుండి నొప్పి వస్తే ఎల్ఫులు కొట్టాయనేవారు. జర్మన్‌లో పీడకలను ‘ఆల్ప్‌ట్రావుమ్’ అంటారు, అందులోని ‘ఆల్ప్’ ఎల్ఫుకు చుట్టమే. మొద్దును తిట్టే ‘ఓఫ్’ కూడా ఆ ఇంటిదే: ఎల్ఫులు మార్చి పడుకోబెట్టిన బిడ్డ అని మొదటి అర్థం.

పాతమాటలు: ఒప్పుకుంటాను. కానీ ఒక పాత ఇంగ్లీషు కావ్యంలో జూడిత్ అనే నాయిక అందాన్ని చెప్పడానికి వాడిన మాట ‘ఎల్ఫంత మెరుపుగలది’ అనే. ఆల్‌ఫ్రెడ్ అన్న పేరు ‘ఎల్ఫు’, ‘సలహా’ కలిస్తే వచ్చింది. పీడకలను తలచుకొని ఎవరూ బిడ్డకు పేరు పెట్టరు కదా.

దారినపోయేవాడు: ఇంత చర్చ ఎందుకు? ‘గడుగ్గాయి ముఖం’ అనండి.

సగంనిద్ర: గడుగ్గాయి దాదాపు పెట్టేశాను. అయితే దానిలో అల్లరి ఉంది, వింత లేదు. గడుగ్గాయి పక్కింటి పిల్ల. ఈ పిల్లను చూస్తే ఏ లోకం నుంచి వచ్చిందో అనిపించాలి. చివరికి ‘కోసుదేరిన చుబుకం, ఈ లోకానివి కానట్టు మెరిసే కొంటె కళ్లు’ అని రాశాను. ఒక్క మాటకు ఎనిమిది మాటలు ఖర్చయ్యాయి. సంపాదకుడు అడిగితే పాతమాటలు గారి మీదకు తోసేస్తాను.