నాన్నకి లంగ్ క్యాన్సర్, కీహోల్ ఆపరేషన్ అంటున్నారు. అంత చిన్న రంధ్రంలోంచి మొత్తం వస్తుందా?

గుంటూరు_కుర్రాడు:
నాన్నకి 63. ముప్పై ఏళ్లు సిగరెట్లు తాగి రెండేళ్ల కిందటే మానేశారు. దగ్గు తగ్గట్లేదని ఎక్స్‌రే తీయిస్తే కుడి ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ కనపడింది. తెమడలో ఏమీ రాకపోయినా టీబీయే అయ్యుంటుందని ఒక ఆసుపత్రిలో రెండు నెలలు ఆ మందులే మింగించారు, ఇప్పటికీ తలుచుకుంటే మండుతుంది. వేరే చోట బయాప్సీ చేస్తే అడినోకార్సినోమా, అంటే లంగ్ క్యాన్సర్‌లో ఒక రకం అన్నారు. గడ్డ 2.6 సెంటీమీటర్లు, పెట్ సీటీలో ఇంకెక్కడా లేదు, ఒకటో స్టేజీ. వ్యాట్స్ పద్ధతిలో, కెమెరాతో, ఎముకలు విడదీయకుండా చేస్తారట. రోబోతో అయితే రెండు లక్షలు ఎక్కువ. మా పెద్దత్తేమో కత్తి పెడితే గాలి తగిలి ఒళ్లంతా పాకుతుందని పట్టుకు కూర్చుంది. ఏం చేయమంటారు?

అమ్మ_కోసం:
తమ్ముడూ, మా అమ్మకి నిరుడు వ్యాట్సే చేశారు. ఐదో రోజు ఇంటికొచ్చేసింది. నొప్పి లేదని అబద్ధం చెప్పను, పక్కటెముకల మధ్య మంట, తిమ్మిరి రెండు నెలలున్నాయి. అసలు విసిగించింది ఛాతీలోంచి గాలి, నీరు బయటికి పోవడానికి పెట్టే డ్రెయిన్ ట్యూబే, డబ్బాలో గాలి బుడగలు ఆగేదాకా తీయరు. ఆ బుడగల్ని చూస్తూ కూర్చోవడమే మా పని.

మత్తు_డాక్టరు:
థియేటర్లో రోజూ చూసేదే కాబట్టి చెప్తున్నా. ఆపరేషన్ చేసే వైపు ఊపిరితిత్తికి గాలి ఆపేస్తాం, అది బెలూన్‌లా ముడుచుకుంటుంది, పేషెంటు రెండో దాంతో ఊపిరి తీసుకుంటారు. కుడివైపు మూడు భాగాలు, అంటే లోబ్‌లుంటాయి, అందులో పైది రక్తనాళాలు, గాలిగొట్టం స్టేప్లర్‌తో మూసి విడదీసి, సంచిలో వేసి మూడు నాలుగు సెంటీమీటర్ల కోత లోంచి లాగేస్తారు. ఊపిరితిత్తి స్పాంజి లాంటిది, నలిగి వచ్చేస్తుంది. సంచి ఎందుకంటే గడ్డ కోతకి తగలకూడదని.

గాలి తగిలితే పాకడం అనేది లేదు. ఒకప్పుడు ముదిరిపోయాకే వచ్చేవాళ్లు, కోసి చూసి మళ్లీ కుట్టేసేవాళ్లు, ఆ తర్వాత మనిషి పోతే నింద కత్తి మీద పడేది. మీ అత్తగారు అలాంటిదేదో చూసే ఉంటారు, కోప్పడకండి.

బ్రిటన్‌లో 503 మందితో చేసిన స్టడీలో, ఐదు వారాలకి ఛాతీ పెద్దగా కోసి చేసే ఓపెన్ ఆపరేషన్ వాళ్లకన్నా వ్యాట్స్ వాళ్లే బాగా తేరుకున్నారు. రోబోలో చేయి తిప్పడం సర్జన్‌కి సుఖం, అప్పుచేసి మరీ కొనేంత తేడా మాత్రం నాకు కనపడలేదు. మీరు అడగాల్సింది వేరే: క్యాన్సర్ పాకిందేమో చూడ్డానికి లింఫ్ గ్రంథులు ఎన్ని చోట్ల నుంచి తీస్తారు, ఇలాంటివి ఏడాదికి ఎన్ని చేస్తారు. మధ్యలో రక్తస్రావమైతే ఓపెన్‌కి మారతారు, దాన్ని ఫెయిల్ అనుకోకండి, ప్రాణం కాపాడ్డమే అది.

నెల్లూరు_రెడ్డి:
మా బావకి లోబ్ మొత్తం కాకుండా ముక్కే తీశారు కదా, అది కుదరదా?

మత్తు_డాక్టరు:
అంచున, 2 సెంటీమీటర్ల లోపు ఉన్నవాటికి కుదురుతుంది, 2022లో వచ్చిన జపాన్ స్టడీ అదే తేల్చింది. 2.6కి మామూలుగా లోబ్ మొత్తమే. ఊదే టెస్టులో బలం చాలదని తేలితే అప్పుడు ముక్క తీయడమో, రేడియేషనో ఆలోచిస్తారు.

గుంటూరు_కుర్రాడు:
థాంక్యూ సార్. ఇవాళ వెళ్లి సర్జన్‌ని గ్రంథుల సంగతి అడిగా, ఆయన కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. రోబో వద్దన్నాం. వచ్చే గురువారం ఆపరేషన్. మూడు బంతుల డబ్బా ఇచ్చి రోజూ పీల్చమన్నారు. నాన్నకి రెండు లేస్తున్నాయి, మూడోది కదలట్లేదు. పెద్దత్త పక్కనే కూర్చుని లెక్కపెడుతోంది.