అండర్-14 బాస్కెట్‌బాల్ లెక్కలు ఫోన్ యాప్‌లో: స్కోర్‌షీట్‌తో ఎందుకు కలుస్తలేవు?

నల్లగొండ_పీఈటీ:
12 మంది పిల్లల టీమ్. మ్యాచ్ అయిపోయినంక యాప్‌లో మన స్కోరు 38 చూపిస్తే, టేబుల్ దగ్గరి స్కోర్‌షీట్‌లో 36 ఉంటున్నది. ఎక్కడ తప్పు జరుగుతది? అసలు ఏమేం ఎక్కించాలె?

పాలమూరు_స్కోరర్:
సార్, ఆట చూసుడు, ఫోన్ నొక్కుడు రెండూ ఒక్కరే చేస్తే లెక్క తప్పకుండా ఉండదు. ఇద్దరు కూసోవాలె. ఒకరు కోర్టు మీది నుంచి కన్ను తీయకుండా పలకాలె: "ఏడు, రెండు, పోయింది. పదకొండు, రీబౌండ్." రెండోవాళ్లు తల ఎత్తకుండా నొక్కాలె. అంటే ఏడో నంబరు వేసిన రెండు పాయింట్ల షాట్ పోయింది, పదకొండో నంబరుకు రీబౌండ్ (పడకుండా వచ్చిన బంతిని అందుకునుడు) అని. ఎప్పుడైనా నంబరే ముందు, పని తర్వాత. ఈ వరుస తప్పితే నొక్కేవాళ్లు తికమక పడతరు.

క్వార్టర్ అయిపోయిన ప్రతిసారీ సరిచూడండి. రెండు పాయింట్ల బుట్టలు రెండింతలు, మూడు పాయింట్లవి మూడింతలు, దానికి పడ్డ ఫ్రీ త్రోలు (ఫౌల్ అయితే దొరికే ఒక్క పాయింటు షాట్లు) కలపాలె. అది స్కోర్‌షీట్‌తో కలవాలె. మొదటి, రెండో క్వార్టర్ల నడుమ ఉండే 2 నిమిషాలు దీనికి చాలు. అప్పుడు దొరకని తప్పు ఆట ముగిసినంక అసలే దొరకదు.

మిర్యాలగూడ_కోచ్:
మీకు తేడా సరిగ్గా 2 వచ్చింది కాబట్టి, పడని బుట్టను పడ్డట్టు నొక్కి ఉంటరు, లేదా ఒకే బుట్టను రెండుసార్లు నొక్కి ఉంటరు. తేడా 1 వస్తే మూడు పాయింట్ల గీత దగ్గర చూడండి. గీత 6.75 మీటర్లు, మూలల్లో 6.60. సిమెంటు కోర్టు మీద రంగు పోతే దూరం నుంచి కనబడదు. మ్యాచ్‌కు ముందు సుద్దతో దిద్దించుకోండి. గీత మీద కాలు ఉంటే రెండే.

స్కోరు కలిసినా లోపల తప్పే ఉండే సంగతులు ఇవి:
షాట్ వేస్తుండగా ఫౌల్ అయి బంతి పడకపోతే దాన్ని షాట్ ప్రయత్నంగా ఎక్కించొద్దు, ఫ్రీ త్రోలే ఎక్కించాలె. బంతి పడితే బుట్టా ఎక్కాలె, పైన ఒక ఫ్రీ త్రో ఎక్కాలె.
రెండు ఫ్రీ త్రోల్లో మొదటిది పోతే రీబౌండ్ లేదు. చాలామంది ఇక్కడే రీబౌండ్ నొక్కుతరు.
అటాక్ చేస్తూ ఫౌల్ చేస్తే అది ఫౌల్, టర్నోవర్ (షాట్ వేయకుండానే బంతి అవతలివాళ్లకు పోవుడు) కూడా.
బ్లాక్ అయిన షాట్ కూడా పోయిన షాటే. బంతి దొరికినవాళ్లకు రీబౌండ్ ఇవ్వాలె.

దేవరకొండ_పేరెంట్:
అసిస్ట్ (బుట్ట పడేటట్టు ఇచ్చిన పాస్) ఎవరికి ఇయ్యాలన్న దాని మీదే పేరెంట్స్ అందరం కొట్లాడుకుంటం. ఏది లెక్క?

పాలమూరు_స్కోరర్:
ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సంస్థ) లెక్క ఇట్ల ఉంటది అన్నా: పెయింట్ (బుట్ట ముందర గీతల నడుమ ఉండే డబ్బా) లోపల ఉన్నవాడికి పాస్ ఇచ్చి, వాడు బుట్ట వేస్తే అసిస్ట్. బయట అందుకున్నవాడు డ్రిబుల్ చేయకుండా వేసినా అసిస్టే. డ్రిబుల్ చేసి, డిఫెండర్‌ను దాటి వేస్తే కాదు. ఈ ముక్క పలికేవాళ్లకు ముందే చెప్పి పెట్టండి, మ్యాచ్ నడుమ వాదన పనికిరాదు.

నల్లగొండ_పీఈటీ:
షాట్ చార్ట్‌లో (షాట్లు ఎక్కడి నుంచి వేసిండ్రో చూపే కోర్టు బొమ్మ) మనవాళ్ల షాట్లు రెండు బుట్టల దగ్గరా పడుతున్నయ్.

మిర్యాలగూడ_కోచ్:
సెకండ్ హాఫ్‌లో టీమ్‌లు వైపు మారతయి. యాప్‌లో కోర్టును తిప్పే బటన్ ఉంటే హాఫ్ టైమ్‌ల నొక్కాలె. లేకుంటే నొక్కేవాళ్లే ఫోన్ తిప్పి పట్టుకోవాలె.

ఇంకోటి, అండర్-14కు అన్నీ ఎక్కించాల్సిన పని లేదు. షాట్లు, ఫ్రీ త్రోలు, ఆఫెన్సివ్ రీబౌండ్లు (మన షాట్ పోతే మనవాళ్లే మళ్లీ అందుకున్నవి), టర్నోవర్లు సరిగ్గా ఉంటే చాలు. పొజెషన్లు (బంతి మన చేతికి ఎన్నిసార్లు వచ్చిందో) సుమారుగా తెలుస్తయి: షాట్లలోంచి ఆఫెన్సివ్ రీబౌండ్లు తీసేసి, టర్నోవర్లు కలిపి, ఫ్రీ త్రోలను 0.44తో గుణించి కలపాలె. షాట్లు 50, ఆఫెన్సివ్ రీబౌండ్లు 8, టర్నోవర్లు 18, ఫ్రీ త్రోలు 10 అనుకుంటే 64.4 వస్తది. అందులో 18 సార్లు షాట్ వేయకుండానే బంతి పోయిందంటే, ప్రాక్టీస్‌ల షూటింగ్ కన్నా పాస్ పట్టుడు ముందు నేర్పాలె.

పాలమూరు_స్కోరర్:
ఎండ సంగతి కూడా చూసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో ఫోన్ వేడెక్కి తెర దానంతట అదే మసకబారుతది. నీడల పెట్టండి, నల్ల కవర్ తీసెయ్యండి. కాల్ వస్తే యాప్ వెనక్కి పోతది కాబట్టి ఫ్లైట్ మోడ్‌ల పెట్టండి. నెట్ లేకున్నా యాప్ పనిచేస్తదో లేదో ముందురోజే చూసుకోండి. తెర ఆగిపోయే సమయం 10 నిమిషాలకు పెంచండి. పక్కన కాగితం మీద గీతలు పెట్టే ఒక పిల్లను కూసోబెట్టండి.

దేవరకొండ_పేరెంట్:
ఎవరి పాయింట్లెన్నో వాట్సాప్ గ్రూపుల పెట్టొచ్చా?

మిర్యాలగూడ_కోచ్:
వద్దు అన్నా. పాయింట్ల పట్టిక కనబడితే పిల్లలు పాస్ ఇయ్యడం మానేస్తరు. టీమ్ మొత్తం టర్నోవర్లు, ఫ్రీ త్రోలు గ్రూపుల పెట్టండి. ఎవరి లెక్క వాళ్లకే విడిగా చూపించండి.