తెలియని నంబర్ నుంచి ఫోన్ వస్తే సిమ్ ఎవరిదో పేరు కనపడాలా, వద్దా?

గోంగూర_గ్యాంగ్:
మా అమ్మకి రోజూ తెలియని నంబర్ల నుంచి ఫోన్లే. ఒకడు కొరియర్ అంటాడు, ఒకడు కేవైసీ అంటాడు, మొన్న ఒకడు ఏకంగా పోలీసునని చెప్పి వీడియో కాల్‌లోకి రమ్మన్నాడు. సిమ్ తీసుకునేటప్పుడు ఆధార్ ఇచ్చి వేలిముద్ర వేస్తున్నాం కదా, అంటే ప్రతి నంబర్ వెనక ఉన్న పేరు కంపెనీ దగ్గర ఉన్నట్టే. ఫోన్ మోగేటప్పుడే ఆ పేరు చూపించమని 2024 ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సిఫార్సు చేసింది, సీఎన్ఏపీ (కాలింగ్ నేమ్ ప్రెజెంటేషన్) అంటున్నారే, అదే. అప్పుడు అడిగినవాళ్ళకే అన్నారు, 2025 అక్టోబర్‌కి వచ్చేసరికి అందరికీ డిఫాల్ట్‌గా ఇవ్వడానికి ఒప్పుకున్నారు. నన్నడిగితే ఇది ఎప్పుడో రావాల్సింది. కాదనేవాళ్ళు ఎందుకో చెప్పండి.

హనుమకొండ_అక్క:
ఫోన్ ఎత్తేవాళ్ళ వైపు నుంచి బాగానే ఉంది తమ్ముడూ, చేసేవాళ్ళ వైపు నుంచి కూడా చూడు. ఒక ఆడపిల్ల ఆటో అతనికి ఫోన్ చేసినా, గ్యాస్ పొయ్యి రిపేరుకి చేసినా, పాత ఫ్రిజ్ కొంటానన్న వాడికి చేసినా, అవతల ఆధార్‌లో ఉన్న పూర్తి పేరు పడుతుంది. దాన్ని ఇన్‌స్టాలో కొడితే ఫొటో, కాలేజీ, ఊరు అన్నీ బయటికొస్తాయి. ఇంకోటి, పైకి ఎవరూ అనరు గానీ మన దగ్గర పేరు చూస్తే చాలామందికి కులం తెలిసిపోతుంది. టూలెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే "మీరేమిట్లు?" అని అడగడానికి ఇప్పుడు ఓనరు కనీసం నోరు తెరవాలి. రేపు ఎత్తకముందే పేరు చూసుకుని, ఇల్లు ఇచ్చేశామండీ అంటాడు, లేదంటే అసలు ఎత్తడు. నిన్ను ఎందుకు వద్దన్నాడో నీకు తెలియను కూడా తెలియదు.

గోంగూర_గ్యాంగ్:
ఇప్పుడు మాత్రం కనపడట్లేదా అక్కా? ట్రూకాలర్ 2009లో స్వీడన్‌లో పుట్టింది, దాని అతిపెద్ద మార్కెట్ మనమే. అదీ వద్దనుకుంటే యూపీఐ యాప్‌లో నంబర్ కొట్టి చూడు, బ్యాంకు ఖాతాలో ఉన్న పేరు వచ్చేస్తుంది.

హనుమకొండ_అక్క:
ట్రూకాలర్ నుంచి నా నంబర్ తీసేయమని అడగొచ్చు. దీంట్లోంచి నన్ను ఎవరు తీస్తారు?

టీ_కొట్టు_బ్యాచ్:
ఇంత గొడవెందుకు బాస్, మా బావమరిది స్టేషన్‌లోనే ఉంటాడు, నంబర్ వాట్సాప్ చేస్తే చాలు అడ్రస్‌తో సహా పంపిస్తాడు.

అడ్డరోడ్డు_లాయర్:
టీ_కొట్టు గారూ, ముందు ఆ పోస్టు తీసేయండి, మీ బావమరిది ఉద్యోగానికే ఎసరు. ఎవరి సిమ్ ఏదో పోలీసు తెలుసుకోవాలన్నా దర్యాప్తు అవసరం ఉండాలి, బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) సెక్షన్ 94 కింద రాతపూర్వకంగా అడగాలి, చుట్టరికంతో నడిచే పని కాదు. ఇక అసలు విషయానికొస్తే అక్క అడిగిన ప్రశ్న దగ్గరే అంతా ఉంది. ఈ సదుపాయం వద్దనుకుంటే ఆపుకునే అవకాశం ఫోన్ అందుకునేవాడికి ఇచ్చారు, పేరు బయటపడేవాడికి కాదు. నంబరే కనపడకుండా చేసే సీఎల్ఐఆర్ తీసుకున్నవాళ్ళ పేరు రాదు, కానీ అది తనిఖీ చేసి కొద్దిమందికే ఇస్తారు, మీకూ నాకూ రాదు. ఇక మోసగాడి సంగతి. వాడు సొంత ఆధార్‌తో సిమ్ తీసుకుంటాడా? ఎవరో కూలీవాడితో ఒకటికి రెండు వేలిముద్రలు వేయించి తీసిన సిమ్ వాడతాడు. మీ అమ్మగారికి ఆ అమాయకుడి పేరు కనపడుతుంది, బాగానే ఉందే అని ఎత్తుతుంది. అందరూ చేయాల్సిన పని ఒకటుంది, ప్రభుత్వ సంచార్ సాథీ సైట్‌లో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూసుకోండి, మనిషికి 9 వరకే అనుమతి. మీది కానిది కనపడితే అక్కడే ఫిర్యాదు పెట్టండి.

న్యూజెర్సీ_బావ:
ఇక్కడ పేరు చూపించడం ఎప్పటినుంచో ఉంది, 15 అక్షరాలే పడతాయి, సెల్ నంబర్లకైతే చాలాసార్లు "వైర్‌లెస్ కాలర్" అని మాత్రమే వస్తుంది. అయినా స్పామ్ ఆగలేదు, ఎందుకంటే వాళ్ళు నంబర్నే మార్చేసి చూపిస్తారు. పేరు సంగతి తర్వాత, ఆ నంబర్ నుంచే కాల్ వస్తోందా అన్నది ముందు తేల్చాలి. 2021 నుంచి పెద్ద కంపెనీలకి ఇక్కడ అది తప్పనిసరి చేశారు.

గోంగూర_గ్యాంగ్:
సరే, కూలీవాడి సిమ్ పాయింటు ఒప్పుకుంటున్నా. అయినా పేరు పడితే కొంతైనా నయమే అంటాను, "ఎస్‌బీఐ నుంచి మాట్లాడుతున్నా" అన్నవాడికి ఎవరో మామూలు మనిషి పేరు పడితే మా అమ్మ అక్కడే పెట్టేస్తుంది.

హనుమకొండ_అక్క:
బ్యాంకులకి 1600 సిరీస్, ప్రచారం కాల్స్‌కి 140 అని విడిగా నంబర్లు పెట్టారు కదా, బ్యాంకు అంటే 1600 ఉంటేనే నమ్మమని అమ్మకి నేర్పించు. కంపెనీల పేర్లు ఎంత కావాలంటే అంత చూపించుకోండి, నాకేం ఇబ్బంది లేదు. మామూలు మనుషులకి మాత్రం వద్దు అనే మీట ఉండాలి. అవునూ, మీ అమ్మ సిమ్ ఎవరి పేరు మీద ఉంది?

గోంగూర_గ్యాంగ్:
నాన్న పేరు మీద.

హనుమకొండ_అక్క:
అయితే ఆవిడ కొత్త టైలరమ్మకి ఫోన్ చేస్తే మీ నాన్న పేరు పడుతుంది. రాత్రి తొమ్మిదింటికి ఎవరో మగాయన పేరు చూసి ఆవిడ ఎత్తుతుందంటావా?

గోంగూర_గ్యాంగ్:
ఎత్తదు. ముందు ఆ సిమ్ అమ్మ పేరు మీదకి మార్పించాలి.