దేబల్ ‘బుద్ద్’ అంటే బుద్ధుడి గుడేనా?

అరసున్న: ఎనిమిదో శతాబ్దపు సింధ్ మీద తెలుగు వికీపీడియాకి వ్యాసం తయారవుతోంది. చిత్తుప్రతిలో ఈ వాక్యం దగ్గర పేచీ వచ్చింది: “క్రీ.శ. 712లో ఖాసిం దేబల్ నగరంలోని బుద్ధదేవాలయాన్ని కూల్చాడు.” దేబల్ సింధ్‌లోని రేవుపట్టణం, ఖాసిం దాన్ని ముట్టడించిన అరబ్బు సేనాని. అరబీ మూలంలో ఆ గుడికి ఉన్న మాట ‘బుద్ద్’. దాన్ని బుద్ధదేవాలయం అనొచ్చా?

వట్రుసుడి: అనకూడదండీ. మాట పుట్టుక బుద్ధుడి పేరు నుంచే, అందులో పెద్దగా తగాదా లేదు. పారసీలో విగ్రహానికి వాడే ‘బుత్’ కూడా అక్కణ్ణుంచి వచ్చిందే. హైదరాబాదు ఉర్దూ చెవినపడ్డవాళ్లకి బుత్, బుత్‌ఖానా కొత్తకాదు. కాని తొమ్మిదో శతాబ్దంలో అరబీ చరిత్రకారుడు బలాదురీ ‘ఫుతూహ్ అల్ బుల్దాన్’ (దేశాల జయాల చరిత్ర) రాసేనాటికి అరబీలో ఆ మాట అర్థం బాగా విస్తరించింది. ఆయనే అక్కడ వివరణ ఇస్తాడు: పూజాభావంతో వాళ్లు గొప్పగా చూసేది ఏదైనా బుద్దే, విగ్రహమూ బుద్దే. అంటే గుడి, గోపురం, లోపలి మూర్తి, మూడిటికీ ఒకటే మాట.

దీనికి గట్టి సాక్ష్యం ముల్తాన్. అక్కడి ఆలయాన్నీ బలాదురీ బుద్ద్ అనే అంటాడు. అదే ముల్తాన్ మూర్తి గురించి పదకొండో శతాబ్దంలో అల్ బిరూనీ రాస్తూ అది సూర్యుడిదని, పేరు ఆదిత్య అని, కొయ్య విగ్రహానికి ఎర్ర తోలు కప్పి కళ్ల స్థానంలో రెండు కెంపులు పెట్టారని చెప్తాడు. బుద్ద్ కనబడ్డ చోటల్లా బుద్ధుణ్ణి పెట్టుకుంటూ పోతే ముల్తాన్ సూర్యుడు కూడా బౌద్ధుడైపోతాడు.

కొమ్ము: అంటే దేబల్లో బౌద్ధులు లేరనా?

వట్రుసుడి: అలా అనడం లేదు. ఈ మాటతో తేలదు అంటున్నాను. బౌద్ధుల ఉనికికి ఆధారం కావాలంటే వెతకాల్సిన మాట ‘సమనీ’, అంటే శ్రమణుడు. సింధ్‌లోని నీరూన్ ఊరి ప్రజలు ఇద్దరు సమనీలను ఇబ్న్ ఖాసింని పంపిన ఇరాక్ పాలకుడు హజ్జాజ్ దగ్గరికి పంపి ముందే సంధి చేసుకున్నారని బలాదురీ రాశాడు. బౌద్ధం గురించి రాసే పేరాకి అది మూలంగా పనికొస్తుంది. దేబల్ బుద్ద్ పనికిరాదు.

తలకట్టు: చిత్తుప్రతిలోని ఆ ఒక్క వాక్యంలో తప్పు ఒకటి కాదు. ‘కూల్చాడు’ చూడండి. బలాదురీ కథనంలో ఆలయం మీద పొడవాటి స్తంభం, దానికి ఎర్రజెండా ఉన్నాయి. అయిదువందల మంది లాగితే పనిచేసే మంజనీక్ (రాళ్లు రువ్వే యంత్రం), దాని పేరు ‘అరూస్’, అంటే పెళ్లికూతురు. ఆ రాళ్లు విరగ్గొట్టింది స్తంభాన్ని. గోపురం పైభాగాన్ని పడగొట్టి లోపల జైలు పెట్టించింది అన్బసా అనే మరో పాలకుడు, ఖలీఫా అల్ ముఅతసిం కాలంలో, అంటే 833–842 మధ్య. సుమారు 120 ఏళ్ల తేడా. రెండు సంఘటనల్ని ఒకే క్రియాపదంలో కుదించేస్తే వ్యాసం చదివినవాడికి ఈ సంగతి ఎప్పటికీ తెలీదు.

రెండోది ‘ఖాసిం’. అది తండ్రి పేరు. మొదటిసారి ముహమ్మద్ బిన్ ఖాసిం అని పూర్తిగా రాసి, తర్వాత ఇబ్న్ ఖాసిం అనండి. ఒట్టి ఖాసిం అంటే యుద్ధానికి నాన్నను పంపినట్టవుతుంది.

తేదీ కూడా. హిజ్రీ 93 మన లెక్కలో 711 అక్టోబరులో మొదలై 712 అక్టోబరు దాకా నడుస్తుంది. మూలంలో నెల లేకపోతే 711–12 అని వదిలేయాలి. హిజ్రీని 0.97తో గుణించి 622 కలిపితే దగ్గరి సంవత్సరం వస్తుంది, కాని అది సరిచూసుకోవడానికే. వ్యాసంలో పెట్టడానికి కాదు.

కొమ్ము: దేబల్ అంటే మన దేవళమే కదా? అది రాస్తే తెలుగు పాఠకుడికి ఇట్టే పట్టుబడుతుంది.

తలకట్టు: ఆ వ్యుత్పత్తి చెప్పినవాళ్లున్నారు. ‘అని ఒక అభిప్రాయం’ అంటూ, చెప్పినవారి పేరుతో రాయండి. దేబలే నేటి బన్‌భోర్ శిథిలాలు అన్నదానికీ అదే పద్ధతి. బన్‌భోర్ తవ్వకాల్లో హిజ్రీ 109 (727–28) నాటి మసీదు శాసనం దొరకడంతో వాదనకి బలం వచ్చిన మాట నిజమే గానీ, ఊరు ఇదేనని అందరూ ఒప్పుకోలేదు. సమాచారపెట్టెలో అక్షాంశ రేఖాంశాలు పెట్టేశారంటే తేలని సంగతి తేలిపోయినట్టు కనిపిస్తుంది.

అరసున్న: పేర్ల వర్ణక్రమం ఎలా? చాచ్, చచ్, సస్సా మూడూ కనిపిస్తున్నాయి.

వట్రుసుడి: ముగ్గురూ ఒక్కడే, ఇబ్న్ ఖాసిం ఓడించిన సింధ్ రాజు దాహిర్‌కి తండ్రి. అరబీలో ‘చ’ లేదు, అందుకే బలాదురీలో సస్సా అయ్యాడు. చైనా అరబీలో సీన్ అయినట్టే. పారసీలో చచ్, హ్రస్వం. చాచ్ అన్న దీర్ఘం ఇంగ్లీషు అక్షరాలు చూసి మనవాళ్లు తగిలించింది. చచ్ అంటే చచ్చు అని ధ్వనిస్తుందని జంకితే మాత్రం చేయగలిగిందేమీ లేదు.

దాహిర్ కొడుకు జైసింహుడికి ఇంకా ఇబ్బంది. అరబీ ప్రతిలో చుక్కలు అటూ ఇటూ అయి ‘హుల్లిషా’ అని చదివే రూపం మిగిలింది. అరబీ అనువాదం ఒకటి, పారసీ అనువాదం ఒకటి పక్కన పెట్టుకుని రాస్తే ఒక్క కొడుకు ఇద్దరవుతాడు. ఇక దాహిర్ మొదటి అక్షరం సింధీలో ‘డ’కు దగ్గరగా ఉండే, గాలి లోపలికి పీల్చి పలికే ధ్వని. మనకు దానికి అక్షరం లేదు. శీర్షికకి తెలుగులో అలవాటైన దాహిర్ చాలు. సింధీ రూపం మొదటి వాక్యంలో కుండలీకరణాల్లో పెట్టండి.

తలకట్టు: పేర్లకన్నా నన్ను కలవరపెట్టేది మూలాల కలగాపులగం. సింధ్ జయించిన కథ చెప్పే చచ్‌నామాను అలీ కూఫీ ఉచ్ పట్టణంలో పారసీలో రాసింది హిజ్రీ 613 (1216–17) ప్రాంతంలో. పాత అరబీ గ్రంథానికి అనువాదమని అతనే చెప్పుకున్నాడు. అది అనువాదం కాదు, పదమూడో శతాబ్దపు స్వతంత్ర రచన అని మనన్ అహ్మద్ ఆసిఫ్ 2016లో వాదించారు. ఎటైనా గానీ, మన చేతిలో ఉన్న పాఠం సంఘటన జరిగిన 500 ఏళ్లకి రాసింది. ఇబ్న్ ఖాసిం చావే చూడండి. చచ్‌నామాలో దాహిర్ కూతుళ్లు ఖలీఫాకి ఫిర్యాదు చేయడం, అతని ఆజ్ఞతో ఇబ్న్ ఖాసింని పచ్చితోలులో కుట్టి పంపడం. బలాదురీలో ఇరాక్‌లోని వాసిత్ జైల్లో మరణం. రెండిటినీ కలిపి ఒకే కథగా అల్లకుండా, ఏది ఎవరు చెప్పారో వాక్యంలోనే రాయాలి. చివర అంకె వేసి మూలాన్ని అడుగున పెడితే చాలదు.

చచ్‌నామా పారసీ పాఠాన్ని దావూద్‌పోతా పరిష్కరించగా 1939లో హైదరాబాదులో ప్రచురించారు. ఇది మన దక్కన్ హైదరాబాదు. నీరూన్‌కోటగా చాలామంది గుర్తించేది సింధ్‌లోని హైదరాబాదు. ఒకే వ్యాసంలో రెండూ వస్తాయి కాబట్టి లంకె ఇచ్చేటప్పుడు అయోమయ నివృత్తి పేజీ చూసుకోండి. ఇంకొకటి, కలీచ్ బేగ్ ఇంగ్లీషు అనువాదం 1900 నాటిది, ఈ పరిష్కరణ కన్నా ముందు. పుటల సంఖ్యలు కలవవు, ఏ ప్రతిదో చెప్పాలి.

అరసున్న: వాక్యాన్ని ఇలా మారుస్తున్నాం: “దేబల్లోని పెద్ద ఆలయాన్ని బలాదురీ ‘బుద్ద్’ అంటాడు, విగ్రహానికీ గుడికీ ఆయన వాడే మాట ఇదే. 711–12 ముట్టడిలో దాని మీది స్తంభాన్ని ఇబ్న్ ఖాసిం సైన్యం మంజనీక్‌తో విరగ్గొట్టిందని, గోపురం పైభాగాన్ని అల్ ముఅతసిం కాలంలో అన్బసా తీయించి జైలుగా మార్చాడని రాశాడు.”

వట్రుసుడి: బాగుంది. బుద్ద్‌కి ద వత్తే ఉంచండి. ఎవరో ఒకరు అచ్చుతప్పనుకుని ధ వత్తుగా దిద్దుతారు, అందుకని చర్చా పేజీలో కారణం రాసిపెట్టండి. చచ్‌నామాలో చ్ తర్వాత అతుకు తెంచే అదృశ్యాక్షరం పడాలి, లేకపోతే ‘చచ్నామా’ అయి కూర్చుంటుంది. ఆ రూపానికీ, చాచ్‌నామాకీ, ఫత్‌నామా సింద్‌కీ దారిమార్పులు ఇచ్చేస్తే వెతికేవాళ్లకి దొరుకుతుంది.